తోటపని పుస్తకంలో తప్పొప్పుల పట్టిక

ఎల్డర్‌బ్రుక్ లైబ్రరీలో పొద్దున్నే చేయాల్సిన పనులు మూడు. కింద పాత పుస్తకాల గదిలో వేడి ఎంతుందో చూడాలి. గాలిలో తేమ ఎంతుందో చూడాలి. తోటపని పుస్తకంలో కొత్త తప్పులేమైనా పడ్డాయేమో చూడాలి. ఈ మూడూ తలుపు పక్కన దారానికి వేలాడే లాగ్‌బుక్కులో పెన్సిలుతో రాయాలి. ఆ గదిలోకి పెన్ను తీసుకురానివ్వరు. వారానికొకరి వంతు.

తోటపని పుస్తకం 1638లో లండన్‌లో అచ్చయింది. అంట్లు ఎలా కట్టాలి, కొమ్మలు ఏ నెలలో కత్తిరించాలి, చీడ పడితే ఏం చల్లాలి, అదంతా ఉంటుంది. చిట్టచివరి ఆకులో, మన పాత తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టే, తప్పొప్పుల పట్టిక. ముప్పై ఆరో పుటలో 'వసంతం' అన్నచోట 'శిశిరం' అని చదువుకోవాలి, డెబ్బయ్యో పుటలో 'సున్నం' అన్నచోట 'బూడిద' అని చదువుకోవాలి, ఇలా పదకొండు వరుసలు. ఆ పదకొండింటి కింద ఉన్న ఖాళీ జాగాలో, లైబ్రరీ భవనంలో ఎవరు ఏ రాతలో పొరపాటు చేసినా అది వచ్చి చేరేది. అదే పాత అక్షరాలు, కొంచెం కుడివైపుకి ఒరిగిన అదే వరుస. కొన్ని తప్పులు మర్నాడే వచ్చేవి, కొన్ని ఏళ్ళు గడిచాక వచ్చేవి. ఎందుకని ఎవరూ అడగలేదు. పొరపాటు దిద్దుకుంటే ఆ వరుస ఒకటి రెండు గంటల్లో వెలిసిపోయేది. మొదటి పదకొండు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ అచ్చాఫీసతను పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయలేదు మరి.

వచ్చే తప్పులు కూడా చిన్నవే. పుస్తకం ఒక అలమరలో పెట్టి ఇంకో అలమర నంబరు రాయడం, పరిశోధకుల పేర్లలో అక్షరం తారుమారు కావడం, అంతే. ఒకసారి కాఫీ మెషీను మీద అంటించిన చీటీలో 'డీకాఫ్', అంటే నిద్ర చెడగొట్టని కాఫీ, అన్నచోట మామూలు 'కాఫీ' అని చదువుకోవాలని వచ్చింది. రెండు వారాలుగా కంటిమీద కునుకు లేని సెక్యూరిటీ గార్డు ఆ రోజు డాక్టర్ అపాయింట్‌మెంటు క్యాన్సిల్ చేసుకున్నాడు.

మార్చి రెండో వారం అవని వంతు వచ్చింది.

అవనిది చీరాల. అమెరికా వచ్చి లైబ్రరీ సైన్స్‌లో రెండో డిగ్రీ చేసి, పాత పుస్తకాలకు క్యాటలాగు రాసే ఈ ఉద్యోగం సంపాదించింది. ప్లెయిన్స్‌బరోలో వాళ్ళ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అందరిదీ అయితే సాఫ్ట్‌వేర్, కాకపోతే ఫార్మా. "లైబ్రరీవాళ్ళు కూడా హెచ్‌వన్‌బీ ఇస్తారా?" అని పార్టీల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. "ఇస్తారు" అనేది. ఆమె భర్త రఘువీర్‌ది కరీంనగర్. ఫార్మా కంపెనీలో క్లినికల్ డేటా చూసేవాడు. మూడేళ్ళ కిందట ఆమె ఈ ఉద్యోగంలో చేరిన నెలలోనే అతన్ని లేఆఫ్ చేశారు. ఇచ్చిన అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకలేదు. ఆమె వీసా మీద డిపెండెంట్‌గా మారాడు. అప్పటినుంచి ఇల్లు చూసుకుంటున్నాడు. వండుతాడు, ఏడేళ్ళ కూతురు నిధిని బస్ ఎక్కిస్తాడు, మధ్యాహ్నం కాంప్లెక్స్ వెనకున్న చెరువు చుట్టూ నాలుగైదు చుట్లు తిరుగుతాడు. పని చేయడానికి వీల్లేని మనిషికి నడవడానికి పర్మిట్ అక్కర్లేదు కదా అంటాడు.

ఇప్పుడు ఆ మూడేళ్ళ వీసా మార్చి ఇరవైతో అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కాగితాలు డైరెక్టర్ సంతకం కోసం రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాయి. బడ్జెట్ రివ్యూ అయ్యాక అన్నారు, తర్వాత బోర్డు మీటింగ్ అయ్యాక అన్నారు. "ఈ వారం తప్పకుండా" అంది హెచ్‌ఆర్‌లో ఉండే డానా. ఆ మాట విన్నప్పటినుంచి అవనికి కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకావట్లేదు. ఫోన్ తీస్తుంది, పెడుతుంది. నీళ్ళు తెచ్చుకుంటుంది, తాగదు.

సోమవారం తొమ్మిదింటికి ఆమె కిందికి దిగి వేడి చూసింది, తేమ చూసింది, తోటపని పుస్తకం చివరి ఆకు తెరిచింది. ఒక వరుస పడి ఉంది. సిరా ఇంకా మెరుస్తోంది, అవిసెనూనె వాసన వేస్తోంది. ఫలానా షెల్ఫ్ నంబరులో ఉన్న గవ్వల పుస్తకం వివరంలో 24 ప్లేట్లు అన్నచోట 23 అని చదువుకోవాలి.

గవ్వల పుస్తకం ఆమెకు గుర్తుంది. 1690ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినది. ప్లేట్లంటే అందులోని బొమ్మలు. రాగిరేకు మీద చెక్కి, విడిగా అచ్చు వేసి, పుటల మధ్య కుట్టినవి. ఒక్కో బొమ్మలో పది పన్నెండు గవ్వలు, వెంట్రుకంత సన్నటి గీతలతో. ఒక కుటుంబం ఈ లైబ్రరీకి ఇచ్చిన రెండొందల చిల్లర పుస్తకాల్లో అదొకటి. వాటన్నిటికీ క్యాటలాగు రాసింది ఆమే. సరే, దిద్దేసి అప్పుడు లాగ్‌బుక్కులో రాద్దాం అనుకుని పైకి వచ్చింది.

కంప్యూటర్ తెరిచేలోపే డైరెక్టర్ డాక్టర్ లైల్ నుంచి పిలుపు వచ్చింది.

డాక్టర్ లైల్ పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఆయన టేబుల్ మీద మెత్తటి దిండుపైన గవ్వల పుస్తకం తెరిచి ఉంది.

"కూర్చోండి అవనీ. శుక్రవారం ఒక డచ్ పరిశోధకురాలు ఈ పుస్తకం చూశారు. పదిహేడో ప్లేటు లేదని చెప్పారు. నేను శనివారం వచ్చి లెక్కపెట్టాను. నిజమే, లేదు. ఇలాంటి బొమ్మలు విడిగా అమ్ముకునేవాళ్ళున్నారు, మీకు తెలుసుగా."

"కోసేసిన గుర్తేమైనా ఉందా?"

"చెప్పలేం. పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ బైండు చేశారు, చాలా బిగుతుగా ఉంది. కానీ మన దగ్గరికి వచ్చినప్పుడు ఇరవై నాలుగూ ఉన్నాయని మీ రికార్డు చెబుతోంది. మొన్నటి శుక్రవారానికి ముందు, ఈ మూడేళ్ళలో పుస్తకం బయటికి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ రీడింగ్ రూమ్‌లో మార్లీన్ డ్యూటీ. అందుకని ఈ శుక్రవారం బోర్డు కూర్చునేదాకా ఆమెను ఇంట్లోనే ఉండమన్నాను." ఆయన కళ్ళజోడు తీశాడు. "మీరు లెక్కపెట్టే రాశారు కదా?"

"అవును" అంది అవని.

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. ఆయన గదిలోంచి బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట, ఆ మార్చిలో, నెలాఖరుకల్లా ఆ కుటుంబం పుస్తకాలన్నీ పూర్తి కావాలి. రఘువీర్ రోజుకు నలభై అప్లికేషన్లు పంపుతున్నాడు. ఒక్కో మధ్యాహ్నం ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా అలా లైన్‌లో ఉండేవాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, ఆ కుటుంబానికి పుస్తకాలమ్మినవాళ్ళ పాత లిస్టులో ఉన్న వివరాలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేసింది. గవ్వల పుస్తకం తెరిచింది, రెండు మూడు బొమ్మలు చూసింది, బాగున్నాయనుకుంది. లెక్కపెట్టలేదు.

కిందికి వెళ్ళి లాగ్‌బుక్కులో, తేమ పక్కన, 'కొత్త తప్పులు: లేవు' అని రాసింది.

మార్లీన్ కొవాచ్ ఆ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంది. వాళ్ళ తాతలు హంగరీ నుంచి న్యూ బ్రన్స్‌విక్‌కి వచ్చినవాళ్ళు. రీడింగ్ రూమ్‌లో ఎత్తు కుర్చీలో కూర్చుని, ఎవరు పుట ఎలా తిప్పుతున్నారో చూడడమే ఆమె పని. పెద్ద ప్రొఫెసర్ల చేతుల్లోంచి కూడా పెన్నులు లాక్కునేది. అవని చేరిన మొదటి రోజు, "ఉంగరాలు తీసెయ్, చేతులు కడుక్కో, పుస్తకాన్ని నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకో" అని చెప్పింది. తోటపని పుస్తకం చివరి ఆకు ఎలా చూడాలో నేర్పింది కూడా ఆమే. "అది ఎవరి పేరూ చెప్పదు. తప్పు ఏదో చెబుతుంది. ఎవరిదో వాళ్ళకి తెలుస్తుంది" అంది అప్పుడు.

మంగళవారం ఆకు మీద రెండు వరుసలున్నాయి. రెండోది: లాగ్‌బుక్కులో 'లేవు' అన్నచోట 'ఒకటి' అని చదువుకోవాలి.

అవని చుట్టూ చూసింది. ఆ గదిలోకి ఈ వారం ఇంకెవరూ రారు. ఒకరి వంతులో ఇంకొకరు ఆ ఆకు తెరవరు. ఆమె మళ్ళీ 'లేవు' అని రాసింది. క్యాటలాగులో 24ని 23 చేసేస్తే మొదటి వరుస వెలిసిపోతుంది. కానీ ఎవరు ఎప్పుడు మార్చారో కంప్యూటర్‌లో ఉండిపోతుంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి తీసేసింది.

మధ్యాహ్నం డాక్టర్ లైల్ ఒక కాగితం పంపించాడు. బోర్డుకి ఇవ్వడానికి. 'ఈ పుస్తకం లైబ్రరీకి చేరినప్పుడు ప్లేట్లు నేను స్వయంగా లెక్కపెట్టాను, ఇరవై నాలుగు ఉన్నాయి.' కింద సంతకానికి చోటు. తెచ్చినది డానా.

"నీ వీసా ఫైలు కూడా ఆయన టేబుల్ మీదే ఉంది. ఈ గొడవ తేలగానే సంతకం పెడతానన్నారు" అంది డానా.

అవని సంతకం పెట్టి ఇచ్చేసింది. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళి కడుక్కుంది.

ఆ సాయంత్రం రఘువీర్ టమాటా పప్పు, దొండకాయ వేపుడు చేశాడు. అవని కంచంలో అన్నం కలిపింది. ఒక చివరనుంచి ఇంకో చివరకి జరిపింది.

"అమ్మా, నువ్వు ఈట్ చేయట్లేదు" అంది నిధి.

"తింటున్నా కదా."

"నో, నువ్వు మూవ్ చేస్తున్నావ్."

నిధి లేచి వెళ్ళాక రఘువీర్ అడిగాడు. "ఏమైంది? రెండు రోజులసంది పరేషాన్‌గా ఉన్నవ్. సంతకం పెట్టనన్నడా?"

"పెడతానన్నాడు. ఈ వారం."

"మరింకేంది?"

"ఏం లేదు. పనెక్కువైంది."

అతను జాకెట్ వేసుకుని చెరువు వైపు వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే అతను ఒక చుట్టు తిరిగి, ఇంటి ముందుకు వచ్చి ఆగి, మళ్ళీ రెండో చుట్టుకి వెళ్ళిపోవడం కనబడింది. అవనికి తనూ వెళ్ళి అతని పక్కన నడవాలనిపించింది. నడిస్తే చెప్పేస్తుంది. అందుకని గిన్నెలు తోమింది.

బుధవారానికి ఆకు మీద నాలుగు వరుసలయ్యాయి. మంగళవారం లాగ్‌బుక్కులో 'లేవు' అన్నచోట 'రెండు' అని. బోర్డుకిచ్చిన కాగితంలో 'లెక్కపెట్టాను' అన్నచోట 'లెక్కపెట్టలేదు' అని. ఖాళీ జాగా తరిగిపోతుంటే అక్షరాలు చిన్నవవుతున్నాయి. నాలుగో వరుస చదవడానికి ఆమె భూతద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు కూడా 'లేవు' అనే రాసింది. రాస్తుంటే పెన్సిలు ముల్లు విరిగింది.

గురువారం అయిదు వరుసలు. కింది అంచు దాకా వచ్చేశాయి. ఆ రోజు లాగ్‌బుక్కులో ఆమె ఏమీ రాయలేదు.

ఆ రోజు పదకొండింటికి డాక్టర్ లైల్ ఆమెను పిలిచి ఒక అట్టపెట్టె చూపించాడు. అందులో మార్లీన్ స్వెట్టరు, టీ కప్పు, చదువుకునే కళ్ళజోడు, రేగుపళ్ళ జామ్ సీసా ఉన్నాయి.

"కళ్ళజోడు కావాలని అడిగింది. మిగిలినవి కూడా పంపడమే మంచిదనిపించింది, రేపు బోర్డు ఏమంటుందో చెప్పలేం కదా. నేను వెళితే బాగుండదు. మీరు ఇచ్చి రాగలరా? మీరంటే ఆమెకి ఇష్టం."

మార్లీన్ ఇల్లు అరగంట దూరం. చిన్న ఇల్లు, ముందు మెట్లకి తెల్ల రంగు. అవని బెల్ కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

"కళ్ళజోడు తెచ్చావా? రా, లోపలికి రా. మూడు రోజులుగా భూతద్దంతో రాసుకుంటున్నాను."

వంటింటి టేబుల్ మీద ఒక నోట్‌బుక్ తెరిచి ఉంది. పక్కన నాలుగు చెక్కిన పెన్సిళ్ళు. మార్లీన్ కళ్ళజోడు పెట్టుకుని, అవనికి కాఫీ పోసి, నోట్‌బుక్ ముందు కూర్చుంది. ఎప్పుడూ ఇస్త్రీ మడతలతో ఉండే మనిషి, ఆ రోజు జుట్టు కూడా దువ్వుకోలేదు.

"రేపు వాళ్ళు అడుగుతారు కదా, నీ చూపు ఎప్పుడు పక్కకి పోయిందీ అని. అందుకని గుర్తున్నవన్నీ రాస్తున్నాను" అంది. "చూడు. మొదటిసారి ఆ పుస్తకం బయటికి వచ్చింది కిందటేడాది అక్టోబరులో. ఆ రోజు నాకు జలుబు. టిష్యూ కోసం లేచాను. ఎంతసేపు? పది సెకన్లు అనుకుంటున్నాను. ఇరవై కావచ్చు. రెండోసారి జనవరిలో. ఒకాయన బాత్రూమ్ ఎక్కడని అడిగితే చెయ్యి చూపించడానికి తిరిగాను. అదొక అయిదు సెకన్లు. ఇంకా ఉండే ఉంటాయి. ఈ మధ్య మధ్యాహ్నంపూట నాకు కళ్ళు మూతపడుతున్నాయేమో. నాకు తెలీకుండానే. నువ్వు ఎప్పుడైనా చూశావా? నిజం చెప్పు, ఏమీ అనుకోను."

"లేదు" అంది అవని.

"నిద్రపోయుంటాను. లేకపోతే నా కళ్ళముందు బ్లేడు తీసి కోసుకుని ఎలా వెళతారు?" ఆమె పుట తిప్పింది. అటువైపు పుట కూడా నిండిపోయి ఉంది. సన్నటి పెన్సిలు రాత, తేదీలతో సహా. టిష్యూ. కిటికీ. తుమ్ము. ఫోన్. చెల్లెలు పోయిందని కబురొచ్చిన రోజు. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఆకు కూడా పోలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. ఇంకెన్ని పోయాయో ఎవరికి తెలుసు."

అవని కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఆ బొమ్మ ఎప్పుడూ లేదు మార్లీన్."

మార్లీన్ తల ఎత్తింది.

"పుస్తకం వచ్చినప్పుడే లేదు. నేను లెక్కపెట్టలేదు. పాత లిస్టులో ఇరవై నాలుగని ఉంటే అదే రాసేశాను. ఆకు మీద వచ్చింది."

"ఎప్పుడు వచ్చింది?"

"సోమవారం."

మార్లీన్ గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది, ఏ రోజో తెలియనట్టు. "ఇవాళ గురువారం."

"అవును."

మార్లీన్ నోట్‌బుక్ మూసింది. పెన్సిళ్ళు నాలుగూ కలిపి రబ్బరు బ్యాండు వేసింది. చాలాసేపు ఆ బ్యాండునే సర్దుతూ కూర్చుంది. అవని క్షమించమంది. వీసా గురించి చెప్పబోయి, మధ్యలో ఆపేసింది.

"ఇక వెళ్ళు. వెళ్ళి ఆయనకి చెప్పు" అంది మార్లీన్. "నేను ఫోన్ చేసి చెప్పేదాకా ఆగకు."

అవని హైవే మీద ఎంత వేగంగా నడిపిందో ఆమెకే తెలీదు. రెండున్నరకి డాక్టర్ లైల్ గదిలో నిలబడి మొత్తం చెప్పింది. ఆయన అంతా విని, లేచి, ఆమెతో కలిసి కిందికి వచ్చాడు. భూతద్దం పెట్టుకుని అయిదు వరుసలూ చదివాడు. లాగ్‌బుక్కు తీసి మూడు రోజుల 'లేవు'లు చూశాడు.

"మీరు సంతకం పెట్టిన కాగితం నా దగ్గరే ఉంది. ఇంకా పంపలేదు" అన్నాడు. "చించేయమంటారా?"

"వద్దు. తప్పు అని రాసి మళ్ళీ సంతకం పెడతాను."

ఆమె అలాగే చేసింది. లాగ్‌బుక్కులో కొట్టేసి సరైనవి రాసింది. క్యాటలాగులో 23 చేసింది. అంతా అయ్యాక డాక్టర్ లైల్ అన్నాడు. "లెక్క తప్పడం నాకు అర్థమవుతుంది. నాలుగు రోజులు చెప్పకపోవడం నాకు అర్థం కావట్లేదు. మీ ఫైలు గురించి సోమవారం మాట్లాడదాం."

శుక్రవారం పొద్దునకి ఆకు మీద పాత పదకొండు వరుసలే మిగిలాయి. కింద తెల్లగా ఖాళీ. బోర్డు సమావేశం పది నిమిషాల్లో ముగిసింది. మార్లీన్‌కి క్షమాపణ ఉత్తరం పంపాలని తీర్మానించారు.

ఆ సాయంత్రం, నిధి డాన్స్ క్లాసులో ఉండగా, పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని అవని రఘువీర్‌కి చెప్పింది. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఈసారి అరవై రోజులు కూడా దొరకవు కదా" అన్నాడు చివరికి. "సంతకం పెట్టకుంటే వచ్చే శుక్రవారంతోనే అయిపాయె."

"అవును."

"చెప్పి మంచిపని చేసినవ్ అనలేను అవనీ. చెప్పకుంటే బాగుండేదనీ అనలేను." స్టీరింగ్ వదిలి, "సోమవారమే నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెబితే నువ్వు వద్దంటావేమోనని భయం. చెప్పెయ్ అంటావేమోనని కూడా భయం."

శనివారం అతను అటక మీంచి పెద్ద సూట్‌కేసులు రెండూ దించి, తడిబట్టతో తుడిచి, మళ్ళీ పైన పెట్టాడు. ఆదివారం మళ్ళీ దించాడు. "వీ ఆర్ గోయింగ్ ఇండియా?" అని నిధి అడిగితే, "లేదమ్మా, దుమ్ము పట్టింది" అన్నాడు. అవని ఆ రెండు రోజులూ ఇంట్లో ఏ గదిలోనూ పది నిమిషాలు ఉండలేదు.

సోమవారం డాక్టర్ లైల్ ఆమెకు ఒక మందలింపు ఉత్తరం ఇచ్చాడు. దాని కిందనే వీసా ఫైలు ఉంది, సంతకం పెట్టి.

"ఆ మార్చిలో మీరు రాసిన పుస్తకాలు రెండొందల పదమూడు. అన్నీ మళ్ళీ లెక్కపెట్టాలి. ప్రతి ఆకు, ప్రతి బొమ్మ. ఏడాది ఎక్స్‌టెన్షన్ అడుగుతున్నాం, మూడేళ్ళు కాదు. ఫైలు డానా దగ్గరికి వెళుతుంది, మూడింటికి కొరియర్ వస్తుంది."

అవని థ్యాంక్స్ చెప్పి కిందికి పోయింది. రీడింగ్ రూమ్ గాజు తలుపు పక్కనుంచి వెళుతుంటే మార్లీన్ ఎత్తు కుర్చీలో కనబడింది. జుట్టు దువ్వుకుని, స్వెట్టరు వేసుకుని ఉంది. అవని ఆగింది. మార్లీన్ కూడా చూసింది, చూసి, ఒక పరిశోధకుడి చేతిలో ఉన్న పెన్నువైపు తల తిప్పుకుంది. ఈ వారం ఆకు చూసే వంతు మార్లీన్‌దే.

అవని మొదటి పుస్తకం తీసి ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్క తప్పింది. మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టింది.

ఒంటిగంట దాటాక డానా మెట్లు దిగి వచ్చింది, చేతిలో కాగితాల కట్టతో. ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వు ఇంకోసారి సంతకాలు పెట్టాలి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. లైల్ అప్పుడే పెట్టేశారు."

"ఎందుకు? ఏమైంది?"

"ఫారం పాత ఎడిషన్. కిందటి నెల కొత్తది వచ్చింది, అప్పటినుంచి పాతది పంపితే తీసుకోరు, కట్ట మొత్తం తిప్పి పంపుతారు. నా కంప్యూటర్‌లో పాతదే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి మూడు వారాలు పట్టేది." మూడు వారాలంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు కాబట్టి డానా అక్కడ ఆగింది. "నీ వీసా ఫారం ఎడిషన్ తేదీ తప్పని ఆకు మీద వచ్చిందట. పొద్దున మార్లీన్ వచ్చి చెప్పింది. అప్పటినుంచి టైప్ చేస్తూనే ఉన్నాను."

అవని గది బయటికి వచ్చి, మెట్ల మీద మూడుచోట్లా సంతకం పెట్టింది. డానా వెళ్ళాక తలుపు పక్కన లాగ్‌బుక్కు తెరిచింది. మార్లీన్ సన్నటి పెన్సిలు రాత. 'వేడి, సరే. తేమ, సరే. కొత్త తప్పులు: ఒకటి. చూసింది 9:05. చెప్పింది 9:45.'

మూడు కావస్తుండేసరికి రీడింగ్ రూమ్‌లో ఎవరూ లేరు. మార్లీన్ పుస్తకాల కింద పెట్టే దిండ్లు దులిపి ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. అవని ఆమె టేబుల్ ముందుకి వెళ్ళి నిలబడింది.

"థ్యాంక్స్ మార్లీన్."

"ఆకు మీద ఉంది, చెప్పాను."

"లాగ్‌బుక్కు చూశాను."

మార్లీన్ దిండు దులపడం ఆపలేదు. "నలభై నిమిషాలు. అవును. మోకాళ్ళ నొప్పి కదా, హెచ్‌ఆర్ మూడో అంతస్తులో ఉంది."

లిఫ్టు బాగానే పనిచేస్తోందని ఇద్దరికీ తెలుసు. మార్లీన్ చివరి దిండు కూడా పేర్చి, కుర్చీ ఎక్కి కూర్చుంది.

"ఇక్కడే కూర్చున్నాను" అంది గొంతు తగ్గించి. "ఎనిమిదిన్నరకి వచ్చాను, తొమ్మిదింటికి కిందికి వెళ్ళాను, చూశాను, పైకి వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. నా నోట్‌బుక్ గుర్తొచ్చింది. నీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎవరూ ఆకు తెరవరు, నేను 'లేవు' అని రాస్తే 'లేవు'. తర్వాత నీ కూతురు గుర్తొచ్చింది అని చెబుతానని చూడకు, గుర్తు రాలేదు. కూర్చోలేకపోయాను. అంతే. లేచి వెళ్ళాను."

"నేను నాలుగు రోజులు కూర్చున్నాను."

"తెలుసు." మార్లీన్ కళ్ళజోడు తుడుచుకుంది. "నిన్ను ఇంకా క్షమించలేదు. ఎప్పుడు క్షమిస్తానో తెలీదు. అడగకు."

"అడగను."

కిటికీ బయట కొరియర్ వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరూ అటు చూశారు. డానా తలుపు తోసుకుని మెట్లు దిగి, డ్రైవర్ చేతికి కవరు ఇచ్చి, అతను అది స్కాన్ చేసేదాకా అక్కడే చలిలో నిలబడింది. వ్యాను గేటు దాటి రోడ్డెక్కింది.

"ఎన్ని అయ్యాయి?" అంది మార్లీన్.

"ఏంటి?"

"పుస్తకాలు. రెండొందల పదమూడింట్లో."

"రెండు. మొదటిది మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ వేరే వేరే వచ్చింది."

మార్లీన్ గడియారం చూసి, సొరుగులోంచి రబ్బరు బ్యాండు వేసిన పెన్సిళ్ళు తీసింది. "నాలుగింటికి రీడింగ్ రూమ్ మూసేస్తాను. అప్పుడు కిందికి వస్తాను. నువ్వు ఆకులు తిప్పు, నేను లెక్కపెడతాను. నువ్వు లెక్కపెట్టినది నేను నమ్మను."

అవని సరేనంది. కిందికి వెళ్ళి, టేబుల్‌కి అటువైపు ఇంకో కుర్చీ వేసి, ఉంగరం తీసి జేబులో వేసుకుంది. నాలుగింటికి ఇంకా గంట ఉంది. ఆ గంటసేపూ ఆమె కుర్చీలోంచి లేవలేదు.